ఎవరి నీళ్ళు వాళ్ళే మొయ్యాలి

పిల్లల పరీక్షలు అయిపోగానే మన ఇళ్ళల్లో మొక్కుల చిట్టా బయటికొస్తుంది. అలిపిరి మెట్లెక్కాలి, అరుణాచలం గిరి ప్రదక్షిణ చెయ్యాలి, వీలైతే నల్లమలలో సలేశ్వరం చూసి రావాలి. రైలు టికెట్లు ఒకరు చూస్తారు, గది ఒకరు చూస్తారు, దర్శనం సంగతి ఇంకొకరు చూస్తారు. నీళ్ళ మాటెత్తితే మాత్రం అందరిదీ ఒకటే జవాబు: "అమ్మ చూసుకుంటుందిలే."

ఆ ఒక్క మాట మీదే నాకు పేచీ. ఎండలో కొండెక్కేటప్పుడు నీళ్ళు ఇల్లాలు చేసే సేవ కాదు. ఎవరి ఊపిరి వాళ్ళు పీల్చుకున్నట్టే ఎవరి నీళ్ళు వాళ్ళు మోసుకుని, ఎవరికి వాళ్ళు గుర్తుపెట్టుకుని తాగాలి. ఇంకో మాట కూడా చెప్పాలి. ఇంటిల్లిపాదికీ నీళ్ళందించే ఆ మనిషే అందరికన్నా తక్కువ తాగుతుంది. ఎందుకు తాగదో ఇంట్లో ఎవరూ అడగరు.

ముందు లెక్క చూద్దాం. అలిపిరి దారిలో 3,550 మెట్లు, దాదాపు 9 కిలోమీటర్లు. శ్రీవారి మెట్టు దారి రెండు కిలోమీటర్ల పైచిలుకే, కానీ 2,388 మెట్లు. అలిపిరి దారిలో చాలా మేర పైకప్పు ఉంది కాబట్టి ఎండ నెత్తిన పడదు. అయితే గాలిగోపురం దాకా ఒంటి బరువంతా మోకాళ్ళ మీద మోస్తూ ఎక్కుతుంటే వేడి బయటినుంచే కాదు, మన కండల్లోంచీ పుడుతుంది. ఆ వేడిని దించడానికి ఒంటికి తెలిసిన గట్టి ఉపాయం చెమట. ఎండాకాలంలో ఇలా కష్టపడే మనిషికి గంటకి అర లీటరు నుంచి లీటరు దాకా చెమట పోవడం మామూలు విషయం. కొందరికి ఇంకా ఎక్కువే. అరవై కిలోల మనిషికి లీటరుంపావు నీళ్ళు తగ్గితే చాలు, కాళ్ళు బరువెక్కుతాయి, తల దిమ్మెక్కుతుంది, కారణం లేకుండా పిల్లల మీద విసుగు పుడుతుంది.

ఎండలో పనిచేసేవాళ్ళకి వైద్యులు చెప్పే లెక్క తేలికగా గుర్తుంటుంది. ఇరవై నిమిషాలకొకసారి ఒక గ్లాసు, అంటే పావు లీటరు. గంటకి ముప్పావు లీటరు. కొండెక్కడానికి నాలుగు గంటలు పడుతుందనుకుంటే మనిషికి మూడు లీటర్లు. ఇంట్లో అయిదుగురుంటే పదిహేను లీటర్లు, అంటే పదిహేను కిలోల బరువు. "అమ్మ చూసుకుంటుందిలే" అన్నవాళ్ళు ఈ పదిహేను కిలోలు ఏ భుజానికి తగిలిద్దామనుకున్నారో ఒకసారి చెప్పాలి! అలిపిరి దారిలో మంచినీళ్ళ కుళాయిలున్నాయి కాబట్టి తలా ఒక లీటరు బాటిల్ ఉంటే నింపుకుంటూ పోవచ్చు. నల్లమల అడవిలో ఆ భరోసా లేదు. ఉగాదికి ముందు వెంకటాపురం మీదుగా శ్రీశైలం నడిచి వెళ్ళే వేలమంది కన్నడ భక్తులని చూడండి. ముసలివాళ్ళతో సహా ఎవరి మూట వాళ్ళ నెత్తిన, ఎవరి నీళ్ళు వాళ్ళ చేతిలో ఉంటాయి. అంత అడవి దాటేవాళ్ళకి తెలిసిన సంగతి ఇది.

మనవాళ్ళు ఏం చేస్తారంటే, అలిపిరిలో సామాను అప్పజెప్పే చోట సంచులన్నీ ఇచ్చేసి చేతులూపుకుంటూ బయల్దేరతారు. బాటిళ్ళు కూడా ఆ సంచుల్లోనే పైకెళ్ళిపోతాయి. మిగిలేది ఇల్లాలి చేతిసంచిలో ఉన్న ఒక్క బాటిల్. వంద మెట్లెక్కేసరికి పెద్దవాడు సగం తాగుతాడు. చిన్నది రెండు గుక్కలు తాగి నాలుగు గుక్కలు ఒలకబోస్తుంది. ఆయన మిగతాది పూర్తిచేసి, ఖాళీ బాటిల్ తెచ్చి మళ్ళీ ఆవిడ చేతికే ఇస్తాడు.

ఇక ఆవిడ ఎందుకు తాగదు? దాహం లేక కాదు. బాత్రూముకి వెళ్ళాల్సొస్తుందని. ఈ మాట మగవాళ్ళకి వింతగా ఉంటుందేమో కానీ ఇది చదివే ఆడవాళ్ళలో ఎవరికీ వింత కాదు. బస్సు ఎక్కేముందు నీళ్ళు మానెయ్యడం, పెళ్ళిళ్ళలో మానెయ్యడం, ఆఫీసుల్లో మానెయ్యడం మనకి చిన్నప్పటినుంచీ అలవాటు. బడిలో బాత్రూము బాగుండదని మధ్యాహ్నం దాకా బాటిల్ మూత తియ్యని ఆడపిల్లలు ఇప్పటికీ ఉన్నారు. ఆ అలవాటునే కొండ మీదికీ తీసుకెళ్తాం.

మొన్న మే నెలలో మా వదినగారితో కలిసి మెట్లెక్కాను. ప్రతి మలుపులోనూ, "వదినా, రెండు గుక్కలు తాగండి," అంటుంటే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టడమే. "వద్దమ్మా, మళ్ళీ నాకోసం అందరూ ఆగాలి. చీర తడుస్తుంది, చెప్పుల్లేని కాళ్ళు, ఆ లోపలికి ఎలా వెళ్తాం?" అన్నారు. గాలిగోపురం దగ్గరికి వచ్చేసరికి కణతలు నొక్కుకుంటూ కూలబడ్డారు. అన్నయ్యగారు కంగారుపడి, "పొద్దున్న టిఫిన్ తినలేదు, అందుకే," అన్నారు. ముప్ఫై ఏళ్ళు కాపురం చేసిన మనిషికి ఆవిడ టిఫిన్ తినలేదని తెలిసింది, నీళ్ళు తాగలేదని తెలియలేదు. తెలియకపోవడం ఆయన దుర్మార్గం కాదు. ఆవిడ చెప్పదు, ఆయనకి అడగాలని తోచదు. అంతే.

ఇక్కడ ఆడవాళ్ళకి ఒక సంగతి గట్టిగా చెప్పాలి. చెమటలు కారుతున్నప్పుడు కొంచెం కొంచెంగా తాగిన నీళ్ళలో ఎక్కువ భాగం చెమటగానే పోతుంది. మీరు భయపడినన్ని సార్లు వెళ్ళాల్సిన అవసరం రాదు. వచ్చేది ఎప్పుడంటే, దాహం ఆపుకుని ఆపుకుని ఒకేసారి బాటిలంతా గటగటా తాగినప్పుడు. ఆగి ఆగి నాలుగు గుక్కలు తాగితే అటు దాహమూ తీరుతుంది, ఇటు ఇబ్బందీ తగ్గుతుంది. నీళ్ళు మానేసి, వచ్చింది ఆపుకుంటే మూత్రంలో మంట, ఇన్ఫెక్షను ముప్పు పెరుగుతాయి. యాత్ర నుంచి వచ్చాక వారం రోజులు మందులు మింగిన ఆడవాళ్ళు మన చుట్టూ ఎంతమందో ఉంటారు. ఆ మందుల ఖర్చు మొక్కు ఖర్చులో ఎవరూ కలపరు.

అందుకే నా ఉద్దేశంలో ఎండలో నడిచే దారికి నీళ్ళ కుళాయి ఎంత అవసరమో శుభ్రమైన బాత్రూమూ అంతే అవసరం. రెండోది లేకపోతే మొదటిది సగం మందికే పనికొస్తుంది. జాతరలకీ ప్రదక్షిణలకీ ఏర్పాట్లు చేసేవాళ్ళు చలివేంద్రాలు పెట్టి ఫొటోలు తీయించుకుంటారు, సంతోషమే. చలివేంద్రం పక్కనే తలుపు గడియ పడే బాత్రూము, అందులో నీళ్ళు ఉన్నాయా లేవా అని కూడా చూడమని మనం అడగాలి. అడగడానికి సిగ్గుపడుతున్నంత కాలం ఆడవాళ్ళు దాహంతోనే కొండెక్కుతారు.

"మా నాన్నమ్మలు ఏ బాటిళ్ళు పట్టుకెళ్ళారు? వాళ్ళు ఎక్కలేదా?" అని ఒక వాదన వస్తుంది. ఎక్కారు. కానీ వాళ్ళు ఎలా ఎక్కారో కూడా చూడాలి కదా. చీకటితోనే బయల్దేరేవాళ్ళు. ఎండ ముదిరాక మండపాల్లో కూర్చుని, పొద్దు వాలాక కదిలేవాళ్ళు. చల్దన్నంలో మజ్జిగా ఉప్పూ కలుపుకుని తినేవాళ్ళు, అంబలి తాగేవాళ్ళు. అన్నిటికన్నా ముఖ్యం, వాళ్ళు ఏడాదంతా ఎండలో బతికిన మనుషులు. ఒళ్ళు ఎండకి అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుందని వైద్యులు చెప్తారు. రాత్రంతా ఏసీ గదిలో పడుకుని, ఏసీ బోగీలో దిగి, నేరుగా మొదటి మెట్టు మీద పసుపు రాసే మనకీ వాళ్ళకీ పోలిక లేదు.

"అసలు ఉపవాసంతో ఎక్కాలి, గుక్కెడు నీళ్ళు కూడా ముట్టకూడదు" అనేవాళ్ళూ ఉన్నారు. ఎవరి భక్తినీ నేను తూచను. అయితే తెలుగు చదువుకున్నదాన్ని కాబట్టి అన్నమయ్య కథ గుర్తుచేస్తాను. ఆయన మనవడు తాళ్ళపాక చిన్నన్న ద్విపదలో చెప్పిన కథ అది. బాలుడైన అన్నమయ్య కొండెక్కుతూ మోకాళ్ళ పర్వతం దగ్గర ఆకలితో, అలసటతో సోలిపోయాడు. అలమేలుమంగమ్మ పెద్దముత్తైదువలా వచ్చి లేపి, ప్రసాదం తినిపించిందట. మొక్కు అలాంటిది, ఓర్చుకో నాయనా అనలేదు. ముందు కడుపు నింపింది, తర్వాతే కొండ ఎక్కించింది. పైన ఆవిడే ఉంది కదా, మనం నీళ్ళు తాగి వస్తే కోప్పడుతుందా?

నీళ్ళు తాగమన్నానని నీళ్ళే పట్టించకండి. చెమటతో ఉప్పు కూడా పోతుంది. లీటరు చెమటలో సుమారు అర టీస్పూను ఉప్పు పోతుందనుకోవచ్చు, మనిషిని బట్టి తేడా ఉంటుంది. గంటల తరబడి ఉత్త నీళ్ళే అవసరానికి మించి తాగుతూ పోతే రక్తంలో సోడియం పలచబడుతుంది. 2002లో అమెరికాలో బోస్టన్ మారథాన్ పూర్తిచేసిన 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం ఉండాల్సినదానికన్నా తగ్గింది. అంటే తక్కువ తాగినా ముప్పే, పందెం వేసుకున్నట్టు తాగినా ముప్పే. గంటకి లీటరున్నర దాకా పోనివ్వకూడదు.

మన వంటింట్లో దీనికి మందు ఎప్పటినుంచో ఉంది. పలచటి మజ్జిగలో ఉప్పు, కాస్త అల్లం, కరివేపాకు వేసి తీసుకెళ్తే నీళ్ళూ ఉప్పూ రెండూ అందుతాయి. ఉప్పు వేసిన నిమ్మరసమూ మంచిదే. ఉప్పు వేసిన గంజి వారిస్తే ఇప్పటి పిల్లలు మొహం తిప్పుకుంటారు కానీ ఒంటికి అది బంగారం. శ్రీరామనవమికి పానకం పెట్టిన పెద్దవాళ్ళు ఎండలు ముదిరే రోజు చూసే పెట్టారు. దాన్లో చిటికెడు ఉప్పు వేస్తే నడిచేవాళ్ళకి ఇంకా మేలు. కొబ్బరినీళ్ళు మంచివే కానీ వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. కాబట్టి కొబ్బరిబొండం తాగాం కదా అని ఉప్పు సంగతి మర్చిపోకూడదు, పక్కన నాలుగు ఉప్పు వేరుశెనగలో, జంతికలో తినాలి. కూల్ డ్రింకులు దాహం తీర్చినట్టు నటిస్తాయి, అంతే. ఒక జాగ్రత్త: మజ్జిగ, నిమ్మరసం రాగి బాటిల్‌లో పొయ్యకండి, పులుపుకి రాగి దిగుతుంది. స్టీలుదే మంచిది. కొండ మీద ప్లాస్టిక్ బాటిళ్ళకి ఎలాగూ నిషేధమే.

సంచిలో రెండు ఓఆర్ఎస్ పొట్లాలు వేసుకోండి. బాగా నీరసపడినప్పుడో, విరేచనాలు పట్టుకున్నప్పుడో పనికొస్తాయి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా కమ్ముకున్నప్పుడు దిలీప్ మహలనబీస్ అనే డాక్టరు ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్ళతోనే వేల ప్రాణాలు నిలబెట్టారు. కిటుకంతా పాళ్ళలోనే ఉంది. ఉప్పుని పేగుల్లోంచి లోపలికి తీసుకెళ్ళేది గ్లూకోజు, వాటివెంట నీళ్ళు వెళ్తాయి. అందుకని లీటరు పొట్లాన్ని లీటరు నీళ్ళలోనే కలపాలి. గ్లాసుడు నీళ్ళలో పొట్లమంతా గుమ్మరిస్తే మేలుకి బదులు కీడు. పొట్లం లేకపోతే లీటరు నీళ్ళకి ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు, రెండూ తలకొట్టి వెయ్యాలి. కొనేటప్పుడు అట్టపెట్టెల్లోని తియ్యటి పానీయాలు చూసి ఇదే ఓఆర్ఎస్ అనుకోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పాళ్ళలో లేనివాటి మీద ఆ పేరు వాడకూడదని 2025 అక్టోబరులో ఎఫ్ఎస్ఎస్ఎఐ ఆదేశించింది. దాని వెనక హైదరాబాదులో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి చేసిన పోరాటం ఉంది. ఒక్క డాక్టరమ్మ పట్టుబట్టితే ఎంత పని జరుగుతుందో చూశారుగా.

పెద్దవాళ్ళ సంగతి వేరే చెప్పాలి. వయసు పెరిగేకొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది. "నాకొద్దమ్మా, పిల్లలకివ్వు," అని అత్తయ్య అన్నారంటే నిజంగా అక్కర్లేక కాకపోవచ్చు. బీపీకి మూత్రం పోయే మాత్రలు వాడేవాళ్ళు ఉంటారు. గుండె, కిడ్నీ జబ్బుల వల్ల నీళ్ళకీ ఉప్పుకీ కొలత పెట్టించుకున్నవాళ్ళు ఉంటారు. షుగరున్నవాళ్ళకి పానకం కుదరదు. ఇలాంటివాళ్ళు బయల్దేరేముందే డాక్టరుని అడిగి కొలత తెలుసుకోవాలి. అసలు ఆ ఎండలో ఎక్కొచ్చా అని కూడా అడగాలి. ఆషాఢంలో జరిగే సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు. అక్కడ ఎండ కాకపోయినా ఉక్క. సముద్రపు గాలిలో తడి ఎక్కువగా ఉంటే చెమట ఆరదు, కారిపోతుందే కానీ ఒంటిని చల్లబరచదు. అరుణాచలంలో 14 కిలోమీటర్లు రాత్రిపూట నడుస్తున్నాం కదా అని నీళ్ళు మర్చిపోయేవాళ్ళూ ఉన్నారు. చీకట్లో చెమట కనపడకపోవచ్చు, పోవడం మాత్రం మానదు.

ప్రమాదం ముందే కబురు పెడుతుంది. మూత్రం ముదురు పసుపు రంగులోకి మారడం, పిక్కలు పట్టెయ్యడం, తలనొప్పి, వికారం కనిపిస్తే అక్కడే నీడన కూర్చోవాలి. ఇంకో వంద మెట్లే కదా అని లాగకూడదు. మనిషి తికమకగా మాట్లాడుతున్నా, తూలుతున్నా, ఒళ్ళు కాలిపోతున్నా అది వడదెబ్బ. చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే అనుకోవద్దు. నడిచేవాళ్ళకి చెమటలు పడుతుండగానే వడదెబ్బ తగలొచ్చు. వెంటనే 108కి ఫోన్ చేసి, బట్టలు వదులు చేసి, ఒంటి మీద నీళ్ళు పోస్తూ విసరాలి. మెడ దగ్గర, చంకల్లో తడిగుడ్డలు పెట్టాలి. స్పృహ సరిగ్గా లేని మనిషి నోట్లో నీళ్ళు పొయ్యకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

మా ఇంట్లో ఇప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నాం. కొండకి బయల్దేరే ముందు రాత్రి ప్రతివాళ్ళూ తమ బాటిల్ తామే కడిగి నింపుకోవాలి. పిల్లలకి అర లీటరు, పెద్దలకి లీటరు. ఒక్కో బాటిల్‌కి ఒక్కో రంగు దారం కట్టాం, నాది నీదని తగాదా లేకుండా. తెల్లవారుజామునే మెట్ల దగ్గరుండాలి. మావారి ఫోన్‌లో ఇరవై నిమిషాలకొకసారి గంట మోగుతుంది. అప్పుడు అందరూ ఆగి తాగాల్సిందే, నాతో సహా. ఆ గంట నా ఫోన్‌లో పెట్టమన్నారు మొదట. "మీ ఫోన్‌లోనే మోగాలండీ," అన్నాను. దారిలో బాత్రూములు ఎక్కడున్నాయో కనుక్కుని, అవసరం ఉన్నా లేకపోయినా అక్కడ ఆగడం మా అబ్బాయి పని. ఆడవాళ్ళు నోరు తెరిచి అడగాల్సిన పని లేకపోతే, వాళ్ళు బాటిల్ మూత తియ్యడానికి వెనకాడరు.

"ఇంతోటిదానికి ఇంత పట్టింపా? అమ్మ చేత్తో నీళ్ళు తాగితే ఆ ప్రేమే వేరు కదా," అని మా పిన్ని అంది. ప్రేమ ఎక్కడికీ పోదు పిన్నీ. ఇంటికొచ్చాక కుండలో నీళ్ళు గ్లాసుతో నేనే అందిస్తాను. కానీ పన్నెండేళ్ళ పిల్లాడికి తన ఒంటికి ఎప్పుడు నీళ్ళు కావాలో తెలియాలి. రేపు వాడు స్నేహితులతో కొండలెక్కుతాడు. అక్కడ సంచిలోంచి బాటిల్ తీసిచ్చే అమ్మ ఉండదు. నీళ్ళు అందించడం కన్నా తాగడం నేర్పడం పెద్ద ప్రేమ అని నా నమ్మకం.

ఈ వేసవిలో మీ ఇంటినుంచి ఎంతమంది కొండెక్కుతున్నారో లెక్కపెట్టండి. అన్ని బాటిళ్ళు ఉన్నాయో లేదో చూడండి. ఆ లెక్కలో మిమ్మల్ని మర్చిపోకండి.